చుక్కవైపు పది నిమిషాలు

రోజూ తొమ్మిదింటికల్లా డిష్షమ్మ కంట్రోల్ రూమ్‌లో తన కుర్చీ దుమ్ము దులుపుకుని కూర్చునేది. ఆవిడ బటన్ నొక్కితే బయట మేడంత డిష్షు యాంటెన్నా మెల్లగా మెడ తిప్పేది. స్పీకర్లోంచి అంతరిక్ష నౌక కూనిరాగం వినిపించేది. అది ఆవిడ కూతురు పిట్ట గొంతు. ఆ నౌకలో రేడియో చేసింది పిట్టే. ప్రయోగానికి నెల ముందు జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. నౌక పైకెళ్ళిన దగ్గర్నుంచీ ఆ పిల్ల రాగమే తీస్తోంది.

"ఇవాళ గొంతు బాగుందండీ," అనేవాడు క్యాంటీన్ అతను టీ పెట్టి. అంతే, ఇంకో పనిలో పడేవాడు.

సముద్రానికి అవతల ఇంకో డిష్షు. దాని దగ్గర పిట్ట నాన్న. పిల్ల పోయాక ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఆయన అక్కడికి బదిలీ పెట్టించుకున్నాడు. రెండేళ్ళుగా మాటల్లేవు.

నౌక గొంతు ఒక డిష్షుకంటే రెండోదానికి ఎంత ఆలస్యంగా చేరిందో చూస్తే, అది ఏ దిక్కున ఉందో తెలుస్తుంది. కాకపోతే ఇక్కడి గడియారానికీ అక్కడి గడియారానికీ ఎప్పుడూ పేచీయే. అందుకని పది నిమిషాలు నౌకని విన్నాక, రెండు డిష్షులూ కదలని ఒక దూరపు చుక్కవైపు తిరిగి దాన్నీ పది నిమిషాలు వినాలి. ఆ చుక్క చోటు ముందే తెలుసు కాబట్టి గడియారాల తేడా దానితో బయటపడుతుంది; అది లేకపోతే లెక్కంతా గాలికి పోయినట్టే.

"ఈ లెక్క కుదిరితే ఎల్లుండి నౌక తను చేరాల్సిన గ్రహం గాలిలోకి దిగుతుందమ్మా. లేదంటే పక్కనుంచి దాటిపోతుంది," అన్నాడు లెక్కలాయన.

దిగితే కాలిపోతుంది. దాటిపోతే ఇంకో ఇరవై ఏళ్ళు పాడుతూనే ఉంటుంది.

ఆ రోజు నౌకని వినే పది నిమిషాలూ అయ్యాయి. డిష్షమ్మ చెయ్యి బటన్ మీదే ఉంది. పాడు చెయ్యి, కదిలితేగా!

కాసేపటికి లెక్కలాయన తల పట్టుకుని వచ్చాడు. "చుక్క మీ వైపూ రాలేదు, అవతలా రాలేదు! ఇద్దరూ కూడబలుక్కున్నారా ఏంటమ్మా?"

అప్పుడే ఫోన్ మోగింది. పిట్ట నాన్న.

"నువ్వూ తిప్పలేదా?"

"మీకేమొచ్చింది, మీరెందుకు తిప్పలేదు?"

"దాన్ని వదిలి ఎటు తిప్పనే?" అన్నాడాయన.

ఆవిడ భోరుమంది. రెండేళ్ళుగా బిగబట్టిన ఏడుపంతా ఒక్కసారే వచ్చింది.

"ఏడేళ్ళు తిండీ నిద్రా మానుకుని పిట్ట ఆ రేడియోని ఎక్కడికి పంపాలని చేసిందో మర్చిపోయాం మనం," అన్నాడు. "ఇక రేపొక్కరోజే ఉంది."

"మీరు తిప్పితే నేనూ తిప్పుతా."

మర్నాడు ఫోన్ పట్టుకునే ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కారు. కూతురి గొంతు పోయింది. పది నిమిషాలు చుక్క గరగర. ఇద్దరూ కదల్లేదు. లెక్క కుదిరింది. లెక్కలాయన నౌకని వెంట్రుకవాసి పక్కకి జరిపించాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నౌక గ్రహం గాలిలోకి దిగింది. రాగం ఒక్కసారి పైకి లేచి, సగంలో తెగిపోయింది.

"నాకు ఆగిపోయిందండీ," అంది డిష్షమ్మ ఫోన్లో.

రెండు డిష్షులకీ గొంతు చేరడంలో తేడా రెప్పపాటు కూడా ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నాకింకా వస్తోందే. ఇదిగో విను," అని ఆయన రిసీవర్ తీసి స్పీకర్ దగ్గర పెట్టాడు.

ఆవిడ ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని వింది. గరగర తప్ప ఏమీ లేదు.

"ఆఁ, వినిపిస్తోంది," అంది. "అలాగే పట్టుకోండి."