పేరు లేని డ్రమ్ములు

షాలేమ్ రాజును వ్యాన్‌లోంచి దించి, బస్టాపు బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లిపోయారు.

బుధవారం ఉదయం తొమ్మిదింబావు. వాటర్లూ ఊరి చివర, 2019 నవంబరు. పాత డ్రమ్ములు విప్పే షెడ్డు లోడింగ్ గుమ్మం దగ్గర నిలబడి కోదండరామ్ అంతా చూశాడు. షెడ్డుకూ బస్టాపుకూ మధ్య నాలుగు వరసల రోడ్డు. షెడ్డుకు మనుషుల్ని తెచ్చే యోగానంద్ వ్యాన్ ఆ రోడ్డు దాటి ఆగింది. యోగానంద్ దిగి, షాలేమ్ చంకల కింద చేతులు వేసి దించి, బెంచీకి ఆనించి, జాకెట్ జిప్పు మెడదాకా లాగి, చేతిలో ఫోన్ పెట్టాడు. వ్యాన్ వెనక్కి తిరిగింది. షాలేమ్ రెండు కళ్లూ వాచి మూసుకుపోయి ఉన్నాయి. కళ్లు కనపడనివాడు ఫోన్ ఏం చేసుకుంటాడన్న ఆలోచన ఆ పెద్దమనిషికి రాలేదు.

మనిషి షెడ్డులో పడిపోతే అంబులెన్సు షెడ్డుకు రావాలి. బస్టాపులో పడిపోతే బస్టాపుకే వస్తుంది. అదీ సంగతి.

కోదండరామ్ చేతొడుగులు తీయడం మొదలుపెట్టాడు. పల్నాడులో మిరప చేలకు మందు కొట్టి పెరిగినవాడు. తడి తగిలిన పైవైపు చర్మానికి అంటకుండా లోపలికి తిప్పుకుంటూ తీశాడు.

యోగానంద్ వచ్చి అడ్డం నిలబడ్డాడు. "ఎక్కడికి రామ్?"

"షాలేమ్ దగ్గరికి."

"వాడికి అలర్జీ. 911కి చేశా, వస్తారు. లైన్ వదిలావంటే రేపట్నుంచి రానక్కర్లేదు. చెప్తున్నా."

"సరేనండి," అని రోడ్డు దాటాడు కోదండరామ్. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

అడుగుల చప్పుడు విని షాలేమ్ తలెత్తాడు. "ఎవరూ?"

"నేనే."

"కళ్లల్లో కారం కొట్టినట్టుందిరా రామూ. నిన్న సాయంత్రం బానే ఉన్నాను కదా. అన్నం కూడా తిన్నాను." ఊపిరి అందక ఆగాడు. "చంకల్లో చూడు."

కోదండరామ్ స్వెటర్ పైకి లాగి చూశాడు. చంకలో, మోచేతి మడతలో పసుపునీళ్లు నిండిన బుడగలు. కాలితే వచ్చే బొబ్బలు అప్పటికప్పుడే వస్తాయి. ఇవి ఒక రాత్రి ఆగి వచ్చాయి. చెమట పట్టే చోటే వచ్చాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బొబ్బలు చూసింది, కళ్లు కడిగించింది. తర్వాత కోదండరామ్‌ను పక్కకు పిలిచింది. "ఇతను ఏం తాకాడు? అది తెలిస్తే నా పని సులువవుతుంది. తెలియకపోతే కళ్ల మీద నేను మాట ఇవ్వలేను."

"డ్రమ్ములు," అన్నాడు. "డ్రమ్ము మూతల రబ్బర్లు కోసి తీశాడు. నిన్న రోజంతా."

ఆమె కంపెనీకి ఫోన్ చేసి పది నిమిషాల్లో తిరిగొచ్చింది. ముఖం మారింది. "ఆ పేరుతో అక్కడ ఎవరూ పనిచేయడం లేదట. డ్రమ్ముల్లో కూడా సబ్బునీళ్లు తప్ప ఇంకేమీ లేవట."

మొదటి మాట అబద్ధం కాదు. అక్కడే ఉంది ఉచ్చు.

ఆ యేడు మన ఊళ్ల నుంచి, కాలేజీలు పట్టనంత మంది పిల్లలు దిగారు ఈ దేశంలోకి. ఒక్కో బేస్‌మెంటులో ఎనిమిది మంది, పది మంది. చదువుకోవడానికిచ్చే స్టడీ పర్మిట్ మీద వారానికి ఇరవై గంటలే పని. ఇరవై గంటలతో బతుకు సాగదు. యోగానంద్ అంకుల్ దారి చూపించాడు. పదేళ్ల కిందట సాఫ్ట్‌వేర్‌లో వచ్చి, ఇప్పుడు మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీ నడుపుతున్నాడు. గంటలు మిగిలినవాళ్ల పేరున్న బ్యాడ్జి తెచ్చి, గంటలు అయిపోయినవాళ్ల మెడలో వేసేవాడు. "మనోళ్లం మనం సర్దుకోవాలి కదమ్మా" అనేవాడు. షాలేమ్ మెడలో ఉన్నది చక్రధర్ బ్యాడ్జి. కోదండరామ్ మెడలో విశ్వనాథం బ్యాడ్జి. పద్దెనిమిది మంది పనిచేసే ఆ షెడ్డులో సొంత పేరుతో ఉన్నది ఒక్క మరీసోల్. యాభై దాటిన మనిషి, మనదేశం కాదు, వేడి సముద్రాల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డది.

కాబట్టి ఆ రోజు మూతల బల్ల దగ్గర షాలేమ్ రాజు లేడు. చక్రధర్ ఉన్నాడు. ఆ చక్రధర్ అదే సమయంలో కాలేజీలో హాజరు వేయించుకుని కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బేస్‌మెంటులో అందరూ కూడారు. కిటికీ నేలకు సమానంగా ఉంటుంది. బయట నడిచేవాళ్ల బూట్లు మాత్రం కనపడతాయి. పరుపులు గోడకు నిలబెట్టి, కింద కూర్చున్నారు. మెట్ల మీద స్పందన కూర్చుంది. నల్గొండ పిల్ల, నోటికి జంకు లేదు. ఆమె పక్కన మరీసోల్.

"లేబర్ ఆఫీసుకు రాద్దాం," అన్నాడొకడు.

"ఎవడి పేరు మీద రాస్తవ్?" అంది స్పందన.

"పేరు లేకుండా."

"పేరు లేని ఉత్తరం ఎవడు చదువుతడు? చదివినా కంపెనీకి ఫోన్ జేస్తడు. కంపెనీ ఏమంటది? షాలేమ్ అనేటోడు లేడంటది."

"అయితే చక్రి చెప్పాలి, ఆ రోజు నేను కాదు అని."

మూలన కూర్చున్న చక్రధర్ ఉలిక్కిపడ్డాడు. విజయవాడ కుర్రాడు. "నేనెట్టా చెప్తాన్రా? బ్యాడ్జి ఇచ్చానంటే నా పర్మిట్ పోద్ది. వాడుకున్నాడంటే వాడిదీ పోద్ది. ఆస్పత్రి మంచం మీంచే ఎక్కిస్తారు విమానం."

ఎటు తోసినా తలుపు లోపలివైపే తెరుచుకుంటోంది. చెబితే పంపేస్తారు. చెప్పకపోతే రేపు ఇంకొకడి కళ్లు. పని మానేస్తే ఎల్లుండి ఇంకో పద్దెనిమిది మందిని అదే ఏజెన్సీ అదే బల్ల దగ్గర నిలబెడుతుంది.

"అసలు ఆ డ్రమ్ములెక్కడివి?" అన్నాడు కోదండరామ్. అతను నోరు తెరవడం అదే మొదలు.

మరీసోల్ నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. డ్రమ్ములు వచ్చే పెట్టెల చెక్కల మీద తన రేవు ఊరి పేరు అచ్చువేసి ఉంది. మొదటి రోజే చూసింది. ఆ రేవుకు ఎదురుగా ఒక దీవి. పెద్ద యుద్ధం రోజుల్లో సైన్యాలు అక్కడ విషపు బాంబులు పేల్చి చూసుకున్నాయి. వేడి దేశంలో మనిషి చర్మం ఎట్లా ఉడుకుతుందో లెక్క రాసుకున్నాయి. యుద్ధం అయిపోయింది. పేలని బాంబుల్ని అడవిలోనే వదిలి ఓడలెక్కాయి.

"మా తాత తేనె కోసం పోయి ఒకటి ముట్టుకున్నాడు," అంది. "చేయి పోయింది. మా వాళ్లు అర్జీలు పెట్టారు. ఎవరు వదిలారో చెప్పండి, వచ్చి తీయండి అని. ఈ దేశమూ ఉంది అందులో. బాంబుల మీద రంగు చెరిగిపోయింది, మావని రుజువేది అన్నారు. మా అమ్మ ముసలిదైంది, నేనూ ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు తీస్తున్నామంటున్నారు. ప్రభుత్వం ఒకడికి కాంట్రాక్టు ఇచ్చింది. వాడు ఇంకొకడికి ఇచ్చాడు. వాడు మనుషుల్ని తెచ్చే పని మీ యోగానంద్‌కు ఇచ్చాడు. అక్కడ వాడిన డ్రమ్ములూ గొట్టాలూ అక్కడే కాల్చెయ్యాలి. కడిగేశాం అని కాగితం రాసి ఇటు పంపించారు, మళ్లీ వాడుకోవడానికి. ఆ కాగితాన్ని నేనూ నమ్మాను."

"కడిగినా పోదు," అన్నాడు కోదండరామ్.

అందరూ అతని వైపు తిరిగారు.

"ఇనుము కడిగితే పోద్ది. రబ్బరు తాగేస్తది. మందు కొట్టే స్ప్రేయరు గొట్టం ఎన్నిసార్లు కడిగినా, యేడాది తర్వాత ఎండలో పెడితే వాసనొస్తది. మా నాయన దాన్ని పశువుల పాకలోకి రానిచ్చేవాడు కాదు. ఆ మూతల దగ్గర వెల్లుల్లి వాసన వచ్చింది నాకు. ఎవడో పచ్చడి డబ్బా తెచ్చుకున్నాడనుకున్నా." తల వంచుకున్నాడు. "అప్పుడే చెప్పాల్సింది."

అప్పుడే పైన తలుపు చప్పుడైంది. యోగానంద్ రెండు చేతులా బిర్యానీ ట్రే పట్టుకుని మెట్లు దిగాడు. మరీసోల్‌ను చూసి ఒక్క క్షణం ఆగాడు.

"తిన్నారా ఎవరైనా? ముందు తినండ్రా, తర్వాత మాట్లాడుకుందాం." ట్రే మధ్యలో పెట్టి రేకు కాగితం విప్పాడు. "షాలేమ్ కోసం చర్చిలో ప్రేయర్ పెట్టించా. వాడు నాకూ కొడుకులాంటోడే."

"కొడుకును బస్టాపుల దించినవా అంకుల్?" అంది స్పందన.

"చూడమ్మా, నువ్వు ఆవేశపడకు. లిసన్. కంప్లయింట్ ఇస్తే నాకేమవుతుంది? ఏజెన్సీ పేరు మార్చుకుంటా. మీకు? ఫ్రాడ్ అని పడుతుంది ఫైల్లో. ఇక ఏ దేశమూ రానివ్వదు. మీ అమ్మానాన్నల మొహాలు గుర్తు తెచ్చుకోండి."

"మీరే కదండీ బ్యాడ్జీలు ఇచ్చింది," అన్నాడు చక్రధర్ నీళ్లు నములుతూ.

"నేనిచ్చానా? సాక్ష్యం ఉందా? మెడలో వేసుకున్నది మీరు." నవ్వాడు. "రేపు లోడ్ వస్తుంది. ఏడింటికల్లా ఉండండి."

అతని బూట్లు మెట్లెక్కాయి. కిటికీ పక్కనుంచి పోయాయి. బిర్యానీ వాసన గదంతా నిండింది. గుండ్రంగా ఉండే కుర్రాడొకడు, పేరు కేశవరావు, గరిటె తీసుకున్నాడు.

"సిగ్గులేదారా?" అన్నాడు పక్కవాడు.

"ఆకలేస్తుంది. వాడి బిర్యానీ తిన్నంత మాత్రాన వాడి మాట వినాలని ఎక్కడుంది?"

పగలబడి నవ్వారు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వారు. అందరూ తిన్నారు.

స్పందన మాత్రం తినలేదు. "ఆగుండ్రి," అంది. "గా సర్కారు ఏమన్నది? బాంబు మీద పేరు లేదు, మాది కాదన్నది. ఈ కంపెనీ ఏమంటున్నది? షెడ్డుల షాలేమ్ పేరు లేదు, మావోడు కాదంటున్నది. మనమేం జేస్తున్నం? మన పేరు మనమే దాచి వాళ్ల అబద్ధానికి కాపలా కూసున్నం. ఒక్కడు చెప్తే వాణ్ణి మింగుతరు. అందరం ఒక్కపారి చెప్తే? పద్దెనిమిది మంది ఈడ పనిజేసింది మేమే అంటే, షాలేమ్ లేడని ఎట్ల అంటరు?"

"అందరినీ పంపిస్తారు," అన్నాడు ఒకడు.

"పంపిస్తరు గావచ్చు."

"మా ఇంట్లో అప్పు..."

"నాకు మాత్రం లేదా?"

అరిచారు. ఒకరినొకరు తిట్టుకున్నారు. ఇద్దరు లేచి పైకి వెళ్లిపోయారు. ఒక పిల్ల ఏడ్చింది. కోదండరామ్ ఖాళీ ట్రే కడిగి బోర్లించాడు. "షాలేమ్ కళ్లకు ఇంకా కట్టు ఉంది," అన్నాడు. "డాక్టరమ్మ అడిగింది ఒక్క మాట. ఏం తాకాడు అని. అది తేలాలంటే ఆ డ్రమ్ముల్ని ఎవరో పరీక్ష చెయ్యాలి. రేపు షెడ్డు ముందు నా పేరుతో చెప్పడానికి నేను వెళ్తా. ఎవరొస్తే వాళ్లు రండి."

సోమవారం ఏడు గంటలకు మంచు పొడిపొడిగా రాలుతోంది. గుమ్మం ముందు లారీ ఆగి ఉంది. లోపల పెట్టెలు. బ్యాడ్జి చూపించే యంత్రం పక్కన కంపెనీ మేనేజరు కాఫీ తాగుతూ నిలబడ్డాడు. యోగానంద్ చేతులు రుద్దుకుంటున్నాడు.

కోదండరామ్ మెడలోంచి బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది విశ్వనాథంది. నా పేరు కోదండరామ్. మూడు నెలలుగా ఇక్కడ పనిచేస్తున్నది నేను. మంగళవారం నా పక్కన మూతల బల్ల దగ్గర పనిచేసింది షాలేమ్ రాజు."

"రామ్, పిచ్చా నీకు?" యోగానంద్ తెలుగులో పళ్లు కొరికాడు.

స్పందన బ్యాడ్జి టక్కున పడింది. "ఇది తేజశ్రీది. నేను స్పందన. షాలేమ్‌ను నేను చూసిన."

తర్వాత కేశవరావు. తర్వాత ఆదివారం ఏడ్చిన పిల్ల. ఒక్కొక్క పేరూ పలుకుతుంటే మరీసోల్ కాగితం మీద రాసుకుంటోంది. ముగ్గురు మాత్రం తలవంచుకుని బ్యాడ్జి చూపించి లోపలికి వెళ్లారు. వాళ్లను ఎవరూ ఒక్క మాట అనలేదు. పదమూడు బ్యాడ్జీలు బల్ల మీద పడ్డాయి.

వరస చివర ఇంకొకడున్నాడు. ఆ షెడ్డు గడప ఎప్పుడూ తొక్కనివాడు. "నేను చక్రధర్‌ని," అన్నాడు. "షాలేమ్ వేసుకున్న బ్యాడ్జి నాది. నేను ఇక్కడ ఒక్కరోజు కూడా పనిచేయలేదు. ఆ రోజు ఇక్కడున్నది వాడే."

మేనేజరు కాఫీ కింద పెట్టాడు. "మీరందరూ ఇప్పుడే బయటికి పొండి."

"పోతాం," అన్నాడు కోదండరామ్. "ఆ లారీ తెరవనివ్వం."

లారీ వెనక తలుపుకు వీపులు ఆనించి పద్నాలుగు మందీ వరసగా కూర్చున్నారు, తడి సిమెంటు మీద. మరీసోల్ పదిహేనోది. ఆమే ఫోన్ తీసి 911కి చేసింది. తన పేరు చెప్పింది, ఊరి పేరు చెప్పింది, దీవి పేరు చెప్పింది. తర్వాత ఫోన్ స్పందన చేతికిచ్చింది. స్పందన తన పేరు చెప్పి పక్కకు ఇచ్చింది. అలా పదిహేను గొంతులు ఒకే ఫోన్లో పేర్లు చెప్పాయి.

ఫైరింజన్లు వచ్చాయి. ముసుగుల మనుషులు దిగారు. చేతిలో యంత్రాలు పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, పావుగంటలో పరుగున బయటికొచ్చారు. లోపలికి వెళ్లిన ముగ్గుర్నీ వెంటబెట్టుకొచ్చారు. రోడ్డుకు పసుపు టేపు కట్టి, కూర్చున్నవాళ్లను టేపు బయటికి జరిపారు. ముసుగు తీసిన ఒకాయన మేనేజరు ముందే రేడియోలో ఆ విషం పేరు చెప్పాడు. పదకొండు కాకముందే ఆ పేరు ఆస్పత్రిలో షాలేమ్ ఫైలు మీద ఎక్కింది. కుడి కన్ను నిలుస్తుందని డాక్టరమ్మ ఫోన్లో అంది. ఎడమది చెప్పలేనంది.

మధ్యాహ్నానికి ఇమిగ్రేషన్ వాళ్లు వచ్చారు. యోగానంద్ వ్యాన్ అప్పటికే లేదు. బల్ల మీది బ్యాడ్జీల్ని ఒక సంచిలో వేసుకుని ముందుగా నలుగురిని పిలిచారు. కోదండరామ్, చక్రధర్, కేశవరావు, ఆ ఏడ్చిన పిల్ల.

"వేరేవాళ్ల పేరుతో పనిచేశావా?" కోదండరామ్‌ను అడిగాడు ఆఫీసరు.

"చేశాను."

"తప్పని తెలుసా?"

"తెలుసు. నా తప్పు నాదని చెప్తున్నా. ఆ దీవిలో వదిలినవాళ్లను కూడా ఇలాగే పిలిచి అడగండి."

ఆఫీసరు రాసుకున్నాడో లేదో తెలియదు. నలుగురినీ ఎక్కించాక కారు తలుపు మూసుకుంది. లోపలివైపు పిడి లేదు.

కారు మలుపు తిరగబోతుండగా ఎదురుగా ఒక బస్సు వచ్చి పసుపు టేపు ముందు ఆగింది. ఇంకో ఏజెన్సీ పంపిన మనుషులు. తలపాగాలవాళ్లు, ముక్కుపుడకలవాళ్లు, చలికి చేతులు చంకల్లో పెట్టుకున్న ఆడపిల్లలు, ఇరవై మందికి పైనే. ఎవరి పేర్లో మెడల్లో వేలాడుతున్నాయి. వాళ్లను తెచ్చిన మనిషి లోపలికి పదమని చేయి ఊపుతున్నాడు. వాళ్లు కదల్లేదు. టేపునూ, దాని ముందు కూర్చున్న మనుషులనూ మార్చి మార్చి చూశారు.

వాళ్లలో ఒక పెద్దావిడ ముందుకొచ్చి, స్పందన ముందు గొంతుక్కూర్చుని, ఏదో అడిగింది.

కోదండరామ్ అద్దానికి తల ఆనించి చూశాడు. స్పందన పక్కకు జరిగి, తడి సిమెంటు మీద ఆమెకు చోటిచ్చి, చెప్పడం మొదలుపెట్టింది.