పదివేల ఏడు బిళ్ళలు

కొత్త గ్రంథాలయానికి నేల పరిచే పని తాపీమేస్త్రీకి దక్కింది. ఊళ్ళోవాళ్ళు తలా ఒక పచ్చిమట్టి బిళ్ళ మీద వేలిముద్ర వేసి, కాల్పించి ఇచ్చారు. అన్నీ ఒకే కొలత చదరపు బిళ్ళలు. మేస్త్రీ మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ పదివేల ఏడే.

గ్రంథాలయాధికారిణి షరతు ఒక్కటే. వరుసలన్నీ సమానంగా రావాలి, ఒక్క బిళ్ళా విరగకూడదు, మిగలకూడదు. అదెంత పని అనుకున్నాడు మేస్త్రీ. మూడేసి లెక్కన చూస్తే రెండు మిగిలాయి. ఏడేసి చూస్తే నాలుగు, పదకొండేసి చూస్తే ఎనిమిది. మూడు రోజులకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకొక్క బిళ్ళ కలిపితే డెబ్బయి రెండు వరుసల్లో చక్కగా సర్దుకుంటుందని అధికారిణికి చెప్పాడు.

"ముద్ర లేని బిళ్ళ ఎవరిదని చెప్పమంటారు?" అందావిడ.

ఇంట్లో అత్తగారు ముప్పయ్యేళ్ళు లెక్కల టీచరుగా చేసిన మనిషి. అడగడానికి అల్లుడికి నామోషీ. నాలుగో రోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని నసుగుతూ విషయం బయటపెట్టాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని కాగితం ముందుకు లాక్కుంది. వంద దాకా చూస్తే చాలంది. అంతకు మించిన రెండు సంఖ్యలు గుణిస్తే పదివేల ఏడు దాటిపోతుందట. వందలోపు ప్రధాన సంఖ్యలు పాతికే. పాతికా భాగించి చూసి పెన్ను కింద పెట్టింది.

"తప్పు మీది కాదు బాబూ. ఇది ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదు. మొండిఘటం."

"మరి నా గతేమిటి అత్తయ్యా?"

"ఒకే ముక్కగా ఎందుకు పరచాలి? ఏ సంఖ్యనైనా నాలుగు చదరాలుగా విడగొట్టొచ్చు. దీనికి మూడు చాలవు, నాలుగూ కావలసిందే."

మధ్యాహ్నం భోజనాల వేళకు లెక్క తేలింది. పెద్దగదిలో తొంభై తొమ్మిది వరుసలు, వరుసకు తొంభై తొమ్మిది. పిల్లల మూల పద్నాలుగుకు పద్నాలుగు. అధికారిణి బల్ల ముందు మూడుకు మూడు. మిగిలిన ఒక్కటీ గడపలో. మేస్త్రీ వేళ్ళు మడిచి రెండుసార్లు కూడి చూసుకుని, అత్తగారికి తనే వడ్డించాడు.

అధికారిణి ఒప్పుకుంది. అయితే గడపలో బిళ్ళ తనదంటే తనదని ఊరంతా ఎగబడింది. చీటీలు వేస్తే చెప్పులు కుట్టే పెద్దాయనకు వచ్చింది. ఆయన గడప దగ్గర నిలబడి, "ఇన్నాళ్ళూ మీ కాళ్ళు నా చేతిలో ఉన్నాయి, ఇక నా వేలు మీ కాళ్ళ కింద ఉంటుంది" అని నవ్వాడు.

తలుపులు తెరిచిన రోజు అత్తగారు తన బిళ్ళ కోసం పెద్దగదంతా వంగి వెతికింది. ఏ మూల పెట్టాడో మేస్త్రీకీ గుర్తులేదు. అతనూ మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ పక్కనే వెతకసాగాడు.