బాపు కొలతకు కుట్టిన ఖాకీ అంగీ

అంజన్ పెద్ద సంచి జిప్పు తీసి, ఖాకీ అంగీలను ఒక్కొక్కటిగా మడిచి పెడుతున్నాడు. సాయంత్రం విమానం. ఇంగ్లండులో కొందరికి పాత యుద్ధాలను మళ్లీ ఆడి చూపించడం ఇష్టం. వారమంతా ఉద్యోగాలు చేసుకుని, సెలవు రోజున సిపాయి వేషం కట్టి, మైదానంలో జనం ముందు పోరాడతారు. వాళ్ల బట్టలు ఉప్పుగూడలో, మా సందు చివర అంజన్ కార్ఖానాలో తయారవుతాయి. గుండీల కాజాలు నేను చేత్తో కుడతాను.

ఈసారి బర్మా యుద్ధం. అందులో పోరాడిన మన సిపాయిల బట్టలు.

అంజన్ ఒక అంగీని భుజాలు పట్టి ఎత్తి చూశాడు.

"ఏందవ్వా, గింత చిన్నగుంది? ఎవరు కత్తిరించిన్రు?"

"నేనే బిడ్డా."

"ఆళ్లు పంపిన కొలతలల్ల గిది లేదు గద!"

"ఆది చూసి కత్తిరించిన. కొలతకు మా బాపు అంగీ ఆది."

మిషన్ తొక్కుతున్న మహేశ్వరి పకపకా నవ్వింది. "గా తెల్లోళ్లు ఒక్కొక్కలు తలుపంత ఉంటరు. ఇది ఆళ్ల మోచేతికి గూడ ఎక్కది!"

బాపు విడిచి వెళ్లిన అంగీ ఒకటి మా ఇంట్లో ఉంది. ఊరు వెళ్లినవాళ్లు క్షేమంగా చేరినట్టు తెలిసేదాకా వాళ్లు విడిచిన బట్ట ఉతకకూడదని అమ్మ పట్టు. కబురు రాలేదు. అమ్మ ఉతకలేదు. నేను పెద్దయ్యాక సొంతంగా అక్షరాలు కూడబలుక్కుని, బర్మా యుద్ధం గురించి తెలుగులో దొరికిందల్లా చదివాను. వానలున్నాయి, బురద ఉంది, జ్వరాలున్నాయి. బాపు పేరు ఎక్కడా లేదు.

"మొన్న వీడియో చూపెట్టినవ్ గద అంజన్. సచ్చి పడ్డోళ్లంత సీటీ కొట్టంగనే లేస్తరు. గడ్డి దులుపుకుంట చాయ్ తాగనీకి పోతరు. గీ అంగీ తొడుక్కున్నోడు గట్ల లేస్తే ఒక్కపారి చూడాలని ఉంది," అన్నాను.

అంజన్ కాసేపు తల గోక్కున్నాడు. "ఎవ్వలికి పట్టకపోతె నన్ను తిట్టొద్దు మరి," అంటూ దాన్నీ సంచిలో పెట్టాడు.

అతను వెళ్లాక నాకు అన్నం సయించలేదు. విమానం దిగాడో లేదో, సంచి దారిలో పోయిందో, అక్కడ వాన పడి ఆట ఆపేశారో!

"నీ ఫికర్‌కు నా ఫోన్ బ్యాటరీ అయిపోతుంది అవ్వా," అని మహేశ్వరి విసుక్కుంది.

ఆదివారం వీడియో కాల్ వచ్చింది. అంజన్ అరుస్తున్నాడు. "దొరికిండవ్వా! బడి పంతులట. బక్కగ, పొట్టిగ. నీ అంగీ సక్కగ పట్టింది!"

ఫోన్ మైదానం వైపు తిప్పాడు. పొగలో ఖాకీలు పరుగెడుతున్నాయి. వాళ్లందరిలో చిన్న మనిషి ముందుకు ఉరికి, బోర్లా పడ్డాడు. నేను మహేశ్వరి చెయ్యి పట్టుకున్నాను.

సీటీ మోగింది. పడ్డవాళ్లు లేస్తున్నారు. అతను కదల్లేదు.

"లే," అన్నాను. "లెవ్వు, అయ్యా."

పక్కవాడు చెయ్యి అందించాడు. అతను లేచాడు. టోపీ తీస్తే ఎర్రటి ముఖం, నెరిసిన జుట్టు. ఎవరో ఆడమనిషి వచ్చి అతని వీపు మీది మట్టి దులిపింది. ఇద్దరూ నవ్వుకుంటూ కార్ల వైపు నడిచారు.

"ఖుషేనా అవ్వా?" అన్నాడు అంజన్.

"ఖుషే బిడ్డా. ఇంటికి పోతున్నరు గద."

మా బాపు మొగులయ్య 1943 వానాకాలంలో బర్మా యుద్ధానికి వెళ్లాడు. తిరిగి రాలేదు.