అల్మారాలో ఒరిజినల్స్

ఆ బుధవారం దమయంతి టీచర్ మా స్కూల్ కరస్పాండెంట్ గది బయట నాలుగు పీరియడ్లు నిలబడింది. పిల్లలు నీళ్లకు పోతూ చూశారు, వస్తూ చూశారు. నేనూ చూశాను. చూసి, చాక్‌పీసుల డబ్బా పట్టుకుని తల వంచుకుని నడిచిపోయాను. ఇది ముందే ఒప్పుకుంటున్నాను, లేకపోతే నన్నేదో వీరనారి అనుకుంటారు.

ఆమె అడిగింది తన కాయితాలే. పదో తరగతి మెమో, డిగ్రీ, బి.ఇడి. ఒరిజినల్స్. మూడేళ్లు చదివి ప్రభుత్వ గురుకులంలో టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. శుక్రవారం పొద్దున సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ చూపించకపోతే ఆ ఉద్యోగం తర్వాతి పేరుకు పోతుంది. నారాయణగూడ సందులోని మా ప్రైవేటు స్కూల్లో చేరిన రోజే ఒరిజినల్స్ తీసుకుని ఇనప అల్మారాలో పెడతారు, మధ్యలో మానేసి పోకుండా. చట్టం దీనికి ఒప్పుకోదని మాకు తెలుసు. ఆ చట్టాలను పిల్లలకు చెప్పేదీ మేమే.

కరస్పాండెంట్ భానుప్రకాశ్ గారిది మెత్తటి గొంతు. ఏప్రిల్ పరీక్షలు అయ్యాక ఇస్తానమ్మా అన్నారట. ఆయనదొక నియమం ఉంది. ఆఫీసులోకి టీచర్లు ఒక్కొక్కరే రావాలి. ఇద్దరు కలిసి వస్తే మాట్లాడరు. అందుకని ఒక్కొక్కరం పోయి బతిమాలి, ఒక్కొక్కరం కళ్లు తుడుచుకుని బయటికి వచ్చేవాళ్లం. ఏమైందని స్టాఫ్‌రూంలో ఎవరూ అడిగేవారు కాదు.

నా పేరు రోజా. సోషల్ చెప్తాను. ఉండేది అశోక్‌నగర్ హాస్టల్లో, గదికి నలుగురం. నలుగురమూ ఒకే సర్కారు ఉద్యోగం పరీక్షకు చదువుతున్నాం కాబట్టి ఒకరి నోట్సు ఇంకొకరికి చూపించం. పక్క మంచం పిల్లకు జ్వరం వచ్చిందని నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. వేలమంది మధ్య ఒంటరిగా బతకడం ఎట్లాగో అశోక్‌నగర్ బాగా నేర్పుతుంది.

ఆ రోజు ఆరో పీరియడ్ ఏడో తరగతికి బానిసత్వం పాఠం. మనుషుల్ని ఓడల అడుగున పేర్చి సముద్రం దాటించిన సంగతి చెప్పాను. తల్లిని ఒకరికి, బిడ్డను ఇంకొకరికి అమ్మిన సంగతి చెప్పాను. మన వెట్టి గురించి పుస్తకంలో రెండే లైన్లున్నాయి. అందుకని మా తాత పీరయ్య గురించి చెప్పాను. పదకొండేళ్లకే దొర ఇంట్లో చాకిరీకి కుదిరాడు. కాలికి సంకెల లేదు. కానీ వేలిముద్ర వేసిన అప్పు కాయితం దొర పెట్టెలో ఉంది. అది అడగడానికి ఒక్కొక్కరుగా పోయినవాళ్లు తన్నులు తిని వచ్చారు. ఒకనాడు చాకిరీవాళ్లంతా కలిసి పట్టపగలు దొర ఉండే గడీ ముందు కూర్చున్నారు. సాయంత్రానికి పెట్టె తెరుచుకుంది. అవన్నీ ఇప్పుడు లేవు పిల్లలూ, పోయాయి అని పాఠం ముగించాను.

మాధురి టీచర్ కూతురు త్రివేణి లేచింది.

"టీచర్, మా అమ్మ కాయితాలు సార్ అల్మారల ఉన్నయ్. మీయి గూడ ఉన్నయట. మరి మీరందరు గల్సి ఎందుకు పోతలేరు?"

నలభైమంది నా ముఖంలోకి చూశారు. రేపు చెప్తాను అన్నాను. మూడేళ్లలో మొదటిసారి గంట కొట్టకముందే క్లాసు వదిలిపెట్టి బయటికొచ్చాను.

బడి విడిచాక స్టాఫ్‌రూంలో ఆ ప్రశ్న అందరి ముందూ పెట్టి, రేపు ప్రార్థన కాగానే కలిసి పోదాం అన్నాను. మాధురి టీచర్‌కు ముందు కోపం వచ్చింది, పిల్ల వీపు చీరేస్తానంది. తర్వాత ఏడ్చింది. రెండేళ్ల కింద కోఠిలో మంచి ఉద్యోగం వస్తే ఈ కాయితాలు చేతికి రాకనే వదులుకుందట. ఇన్నాళ్లూ పక్క కుర్చీలో కూర్చున్న నాకు ఆ సంగతి తెలియదు.

లెక్కల రాజీవ్ సార్ గట్టిగా అడ్డం తిరిగారు. "నీకేంది, ఒక్కదానివి. నన్ను తీసేస్తే నా పిల్లలు ఏం తినాలె? సార్‌కు కోపమొస్తే ఉన్న కాయితం గూడ చింపుతడు."

దమయంతి లేచి ఆయన ఎదురుగా వచ్చింది. "నాకోసం రాకుండ్రి సార్. మీ కాయితాల కోసం రాండ్రి," అంది. ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయారు. మిగతావాళ్లు వస్తామనలేదు, రామనలేదు.

సాయంత్రం చదువు ఎక్కలేదు. చిక్కడపల్లి రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించి ఫోన్‌లో పేర్లన్నీ చూశాను. అమ్మకు చేస్తే భయపడుతుంది. ఇంకెవరికి చేయాలో తోచలేదు.

గురువారం ప్రార్థన అయ్యాక ఆఫీసు ముందు ఇద్దరమే నిలబడ్డాం, దమయంతి, నేను. కాసేపటికి మాధురి టీచర్ వచ్చింది. తర్వాత హిందీ టీచర్, పీఈటీ సార్, ప్రైమరీవాళ్లు. చివరికి రాజీవ్ సార్ కూడా వచ్చి, ఎవరి వైపూ చూడకుండా గోడవారన నిలబడ్డారు. మొత్తం పదహారు మందిమి. అందరం ఒక్కసారే లోపలికి పోయాం. గది చాలక సగంమంది వరండాలో ఉండిపోయారు.

"ఒక్కొక్కరే రావాలె," అన్నారు భానుప్రకాశ్. ఎవరూ కదల్లేదు. పోలీసులను పిలుస్తానన్నారు. పిలవండి, ఎవరి కాయితాలు ఎవరి అల్మారాలో ఉన్నాయో వాళ్లకు కూడా చూపిద్దాం అన్నాను. క్లాసుల కిటికీల్లో పిల్లల ముఖాలు నిండిపోయాయి.

ఆయన తెలివైన మనిషి. అల్మారా తెరిచి దమయంతి ఫైలు తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె మావైపు చూసి నిలబడిపోయింది. పో అక్కా, రేపే కదా, అన్నాను. ఆమె వెళ్లింది. తర్వాత నా ఫైలు బల్లమీద పడేశారు.

"నువ్వు గూడ తీస్కపో. ఇగ రాకు. మిగిలినోళ్లు క్లాసులకు పోండ్రి, అయిపోయింది."

ఫైలు తీసుకుని గేటు దాకా నడిచాను. నన్నెవరూ పిలవలేదు, నా వెనక అడుగుల చప్పుడూ లేదు. నా చదువంతా నా చేతిలో ఉంది. ఎక్కడికైనా పోవచ్చు. అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

అప్పుడు వినిపించింది రాజీవ్ సార్ గొంతు.

"తాళం వెయ్యకుండ్రి సార్. ఇంక పద్నాలుగు మందిమి ఉన్నం."

నేను గేటు దగ్గరి నుంచి వెనక్కి వచ్చి, ఫైలు చంకలో పెట్టుకుని, వరండాలో వాళ్ల వరుస చివర నిలబడ్డాను.