భయం ఉన్నవాళ్ళు మధ్యలో

సబ్బు నీళ్ళ వాసన. ఆవిరి.

ఆస్పత్రి లాండ్రీ గదిలో, ఆరేసిన దుప్పట్ల మధ్య సభ పెట్టారు. బట్టలుతికేవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు ఇక్కడ పెద్ద గేటులోంచి రాకూడదు. వెనక సందులోంచే రావాలి.

రేపు అందరూ పెద్ద గేటుకే వెళ్తారు. పోలీసులూ వస్తారు.

ముందు ఎవరు నడవాలి?

లాయరుకి ఆ సందేహమే లేదు. పదిహేనేళ్ళుగా వీళ్ళ కేసులు వాదిస్తున్నది తనే. నలభై నిమిషాలు ఉపన్యాసం దంచేశాడు. చప్పట్లు కొట్టారు... కొడుతూనే ఇస్త్రీ చేసే ఆమె వైపు చూశారు.

అక్కడే ఆయన కడుపు మండింది.

ఆమె లేచి ఒక్కటే అడిగింది.

"రేపటికి ఎవరెవరికి భయంగా ఉంది? చెయ్యెత్తండి, సిగ్గెందుకు? ఇదిగో, నాకూ ఉంది."

ముందుగా తనే ఎత్తింది.

జనాన్ని నడిపించే మనిషి అడగాల్సిన ప్రశ్నేనా ఇది, అనుకున్నాడు లాయరు.

లాయరు చిన్నప్పుడు ఇంట్లో భోజనాల బల్ల దగ్గర తండ్రి మాట్లాడమని రోజుకో విషయం ఇచ్చేవాడు. జడ్జి ఆయన. తడబడిన కొడుకు మొహం ఇక ఆ పూట చూసేవాడు కాదు. లాయరు ఎనిమిదో ఏటి నుంచీ తడబడలేదు.

ఆమె చిన్నప్పుడు ఇంట్లో గిన్నె ఒకటి, పిల్లలు ఆరుగురు. "ఎవరికి బాగా ఆకలేస్తోంది?" అని తల్లి అడిగేదట. ముందు వాళ్ళకే పెట్టేదట. అబద్ధమాడాలని ఎవరికీ తోచేది కాదట — ఒకసారి ఆమే చెప్పింది.

చేతులు లేచాయి. ఒకటి... పది... గది నిండా.

"భయం ఉన్నవాళ్ళు మధ్యలో. లేనివాళ్ళు చుట్టూ," అంది ఆమె.

"చుట్టూ నడవడానికి ఇక గోడలే మిగిలాయే తల్లీ!" అంది ఒక ముసలమ్మ. పడీపడీ నవ్వారు.

ఆమె ఆయన వైపు తిరిగింది.

"మీకో, లాయరుగారూ?"

ఉంది. ఒళ్ళో చెయ్యి కాస్త కదిలింది...

"నాకేం భయం?" అన్నాడు.

తడబడలేదు.

"అయితే ముందు మీరే నడవండి."

కోరుకున్నదే దక్కింది.

తెల్లారింది. పెద్ద గేటు. లాఠీలు.

ముందు ఆయన ఒక్కడే. వెనక, గుంపు నడిమధ్యలో, ఆమె ఏదో అంది. అందరూ గొల్లున నవ్వారు. ఏమందో ఆయనకి వినబడలేదు.

ఇన్నాళ్ళూ ఆమె మాటకి కుళ్ళుకున్నాడు. ఆమె వెంట ఉన్న జనానికి కుళ్ళుకున్నాడు. ఇప్పుడు ఆమె భయాన్ని చూసి కూడా కుళ్ళు పుట్టింది... నలుగురిలో పైకి చెప్పుకోగలిగిన ఆ భయాన్ని చూసి.

వెనక్కి వెళ్ళి ఆ నవ్వు మధ్యలో నిలబడాలనిపించింది.

గేటు ఇంకా పది అడుగులుంది.