గోడ వదిలేసిన ఒత్తు

నేను ఒక ఒత్తును. పూర్తి అక్షరాన్ని కూడా కాను. 'ళ' కింద ఉండే 'ళ' ఒత్తును. జానెడు పొడవు, ఇత్తడి రంగు మెరుపున్న స్టీలు రేకు, వెనక దళసరి ప్లాస్టిక్ పలక. తెలుగులో బోర్డు పెట్టించుకునేవాళ్ళకు మాతో ఎప్పుడూ చిక్కే. అక్షరాలన్నీ ఒక వరుసలో బుద్ధిగా నిలబడితే, మేము కింద విడిగా గోడ ఒక్కదాన్నే నమ్ముకుని ఉండాలి. పైనున్న అక్షరం మమ్మల్ని పట్టుకోదు. పక్కనున్నది పలకరించదు.

నేను పుట్టింది కాకినాడ జగన్నాయకపురంలో, ఒక సందు చివరి రేకుల షెడ్డులో. నన్ను కోయించి, అంచులు రాకి, మెరుగు పెట్టినామె పేరు వీరవేణి. నలభై ఏళ్ళుంటాయి. పన్నెండేళ్ళు ఒక పెద్ద బోర్డుల కంపెనీలో అక్షరాల వెనక జిగురు పూసిన మనిషి. ఆ కంపెనీ మూతపడ్డాక సొంతంగా పని మొదలుపెట్టింది. భర్త గంగరాజుకు ఆటో ఉంది. ప్రయాణికులు దిగిపోయాక అదే ఆటోలో నిచ్చెనా, మేమూ ఎక్కేవాళ్ళం. నేనున్న బోర్డు ఆమెకు సొంతంగా దొరికిన మొదటి పెద్ద పని: 'హైమ కళ్ళ ఆసుపత్రి'.

మమ్మల్ని అంటించడానికి తీసుకెళ్ళిన రోజు వీరవేణి నిచ్చెనెక్కి, చీర మీద వేసుకున్న మగవాళ్ళ చొక్కా చేతులు పైకి మడిచి, అరచేయి గోడకు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక టేపు ముక్క అంటించి ఫట్‌మని లాగింది. టేపుతో పాటు గోడ రంగు బిళ్ళలా ఊడి వచ్చింది.

కింద నిలబడి చూస్తున్నాయన సూర్యప్రకాశరావు, డాక్టరు హైమవతికి మేనమామ. తండ్రి లేని పిల్లను పెంచి, చదివించి, ఇప్పుడీ ఆసుపత్రి దగ్గరుండి కట్టిస్తున్న పెద్దమనిషి.

"గోడ ఇంకా చెమ్మగా ఉందండి రావుగారూ. ఇప్పుడంటిస్తే జిగురు గోడని పట్టుకోదండి, రంగుని పట్టుకుంటాది. ఓ పదిహేను రోజులు ఆగుదామండి."

"ఎల్లుండి ప్రారంభోత్సవం పెట్టుకుని పదిహేను రోజులేంటమ్మా? కార్డులు పంచేశాం."

"పోనీ చిల్లులు పెట్టి దింపేస్తానండి. అక్షరానికి రెండేసి ఇనప కాళ్ళు. ఇంక కదలదు."

"చిల్లులా?" ఆయన గొంతు ఒక్కసారిగా పెరిగింది. "కొత్త గోడకి ఒక్క చిల్లు కూడా పడ్డానికి వీల్లేదు. అంటించగలిగితే అంటించు. లేదంటే చెప్పు, ఇంకోళ్ళని పిలుచుకుంటాను."

గంగరాజు నిచ్చెన పట్టుకుని తలెత్తి భార్య వైపు చూశాడు. ఆమె ఆ టేపు ముక్కను ఉండ చుట్టి చొక్కా జేబులో వేసుకుంది. "అంటిస్తానండి," అంది.

తెలిసిన సంగతిని తెలియనట్టు పక్కన పెట్టడం మనుషులకు బాగా అలవాటు. ఆ రోజు నిచ్చెన మీద ఒకరు, నిచ్చెన కింద ఒకరు ఆ పనే చేశారు. కిందాయన పక్కన పెట్టింది ఎంత పెద్దదో అప్పటికి మా ఎవరికీ తెలియదు.

ఆమె మాత్రం తన పనిలో లోటు చెయ్యలేదు. దారం కట్టి వరుస చూసుకుంది. నా వీపున సిలికాన్ జిగురు చారలుగా పూసి, అది ఆరేదాకా జారిపోకుండా మూలల్లో టేపు వేసి, రెండు అరచేతులతో గోడకు అదిమి పట్టి వంద దాకా లెక్కపెట్టింది. వందో అంకె ఆమె నోట్లోంచి రాగానే నాకు అర్థమైంది, నేనింక కదలలేనని.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. పూలదండలు వేలాడదీశారు, ఫొటోలు తీశారు. ఆ తర్వాత నా వైపు ఎవరూ చూడలేదు. ఒత్తును ప్రత్యేకంగా ఎవరు చూస్తారు? నాకు మాత్రం రోజంతా కింద వచ్చేపోయేవాళ్ళే లోకం. కంటికి కట్టుతో మెట్లు దిగే ముసలివాళ్ళు, కొత్త కళ్ళజోడు పెట్టుకుని రోడ్డు ఇంత దగ్గరగా ఉందేమిటని అడుగు వెయ్యడానికి జంకే పిల్లలు. పన్నెండడుగుల ఎత్తున, ఒకే చోట, తల తిప్పే వీలు లేకుండా చూస్తూ ఉండేదాన్ని.

వీపు వెనక మాత్రం సంగతి వేరుగా ఉంది. బయట ఎండ కాస్తున్నా గోడలోంచి నాకు చల్లగా తగిలేది. పొద్దున్నే మేడ మీద ట్యాంకు నిండే వేళకు ఆ చల్లదనం ఇంకాస్త పెరిగేది. జిగురు నన్ను ఎంత బలంగా పట్టుకుందంటే ఊపిరాడేది కాదు. జిగురు రంగును పట్టుకుంది, రంగు తన కిందున్న పుట్టీని పట్టుకుంది. పుట్టీ కిందే నీరు చేరుతోంది. కాలిన చోట బొబ్బ లేచినట్టు నా వెనక గోడ చర్మం రోజురోజుకూ ఉబ్బుతోంది. మేమంతా ఒకరినొకరం వదలకుండా గట్టిగా ఉన్నాం, కానీ మొత్తంగా గోడ మమ్మల్ని వదిలేస్తోంది. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. కింద తిరిగే ఇంతమందిలో ఒక్కరినీ హెచ్చరించలేను. ఎవరైనా పలికితేనే కదా నాకు గొంతు!

నలభయ్యో రోజు పొద్దున పడిపోయాను.

కింద వాచ్‌మన్ నూకరాజు మెట్లు తుడుస్తున్నాడు. అరవై దాటిన మనిషి. నా అంచు అతని చెవి పైన తగిలింది. తుండుగుడ్డ తడిసిపోయేంత నెత్తురు కారింది. డాక్టరు హైమవతి తనే కూర్చోబెట్టి నాలుగు కుట్లు వేసింది. "ఒత్తే కదా అనుకుంటాం గానీ డాక్టరమ్మగారూ, గట్టిగానే ఒత్తిందండి," అని అతను నవ్వబోయి, నొప్పికి పళ్ళు బిగబట్టాడు.

పైన బోర్డు 'హైమ కళ ఆసుపత్రి' అయింది. ఆ మధ్యాహ్నమే ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి, ఇక్కడ కూచిపూడి నేర్పుతారా అని అడిగిందట.

నన్ను మెట్ల మీంచి తీసింది సూర్యప్రకాశరావు. వెనక్కి తిప్పి చూశాడు. ఆ ముఖం నేను దగ్గర్నుంచి చూశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అందుకే నాకు భయం వేసింది. వార్తాపత్రికలో చుట్టి, స్టోరు గదిలో గడువు తీరిన చుక్కల మందులు పడేసే సొరుగులో పెట్టించాడు. "ఈ సంగతి ఎవరితోనూ అనకు," అని నూకరాజుతో చెప్పాడు. గదుల తాళాలన్నీ నూకరాజు నడుముకే ఉండేవి.

గోడ మీదైతే రోడ్డన్నా కనబడేది. సొరుగులో చీకటి, మందుల వాసన. పక్క గది మాటలు మాత్రం చెక్క గోడలోంచి వినబడేవి. ఆ సాయంత్రమే వీరవేణి గొంతు వినబడింది.

"మనిషికి దెబ్బ తగిలింది, కాదననండి. ఎంత తిట్టినా పడతాను. ఆ ఒత్తు ఒక్కసారి చూపించండి రావుగారూ. దాని వీపు చూస్తే తెలిసిపోతాది, జిగురు వదిలేసిందో గోడ వదిలేసిందో."

"నాసిరకం జిగురు పూసి పోయి, పైగా గోడ మీదకి నెడతావా? ఆ ఒత్తు లేదు. చెత్తబండిలో పోయింది."

నేను పదడుగుల దూరంలో ఉన్నాను. నా వీపున గోడ రంగు, దాని వెనక పుట్టీ, దానికి పట్టిన పచ్చటి పాచి, అన్నీ ఉన్నాయి. ఆమె నిర్దోషి అని చెప్పే సాక్ష్యం నా ఒంటికే అతుక్కుని ఉంది. అయినా చెప్పలేకపోయాను. ఆమె చెప్పులు మెట్లు దిగుతున్న చప్పుడు మాత్రం విన్నాను.

మాట ఊళ్ళో పాకింది. వీరవేణి అక్షరాలు నెత్తిన పడతాయని ఒక బడివాళ్ళు ఇచ్చిన పని వెనక్కి తీసుకున్నారట. ఒక మిఠాయి కొట్టాయన ఉన్న బోర్డే ఊడదీయించి వేరేవాళ్ళతో మళ్ళీ పెట్టించుకున్నాడట. ఈ సంగతులు నూకరాజు ఇంకెవరికో చెబుతుంటే విన్నాను. రావుగారు నా చోట ఒక ప్లాస్టిక్ ఒత్తును క్షణంలో అంటుకునే జిగురుతో పెట్టించాడు. తొమ్మిదో రోజున అదీ పడింది. అదృష్టం కొద్దీ పూలకుండీలో పడింది. దాన్నీ తెచ్చి నా మీద వేశారు. దాని వీపునా గోడ చర్మమే. ఇద్దరం ఆ ఇరుకులో ఒకే మాటను నోట్లో పెట్టుకుని పడి ఉన్నాం.

నెల తర్వాత ఒక రోజు వీరవేణి మళ్ళీ వచ్చింది. ఈసారి రావుగారి కోసం కాదు. స్టోరు గది గుమ్మం దగ్గర చీపుళ్ళు సర్దుతున్న నూకరాజు కోసం.

"కుట్లు మానేయా బాబాయ్?"

"మానేయమ్మా. ముసురు పట్టినప్పుడు సలుపుతాది, అంతే."

"నా చేత్తో అంటించింది నీ తల మీద పడిందంటే ముద్ద దిగట్లేదు బాబాయ్. నా జిగురుదే తప్పని తేలితే నీ కాళ్ళ మీద పడిపోదును. మళ్ళీ నిచ్చెనెక్కకపోదును. అదీ తేలట్లేదు, ఇదీ తేలట్లేదు. ఏది నమ్మి పనికెళ్ళను?"

ఆమె ఇంకేమీ అడగలేదు. కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. అతను మాత్రం సొరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు. తాళాల గుత్తి చప్పుడైంది, ఆగింది. మళ్ళీ చప్పుడైంది. అరవై ఏళ్ళు దాటాక ఇంకో చోట ఎవరు పని ఇస్తారని లెక్కలు వేసుకున్నాడో, చెవి పైన మచ్చ తడుముకున్నాడో నాకు కనబడలేదు. చాలాసేపటికి తాళం తిరిగింది.

డాక్టరు గదిలో చివరి రోగి వెళ్ళిపోయాక అతను నన్నూ ప్లాస్టిక్ ఒత్తునూ బల్ల మీద పెట్టాడు.

"పారేశామన్నది అబద్ధమండి డాక్టరమ్మగారూ. నా ఉద్యోగం ఉంటే ఉంటాది, పోతే పోతాది. వీటి వీపులు చూడండి."

హైమవతి కాసేపు మమ్మల్ని చేతిలో తిప్పి చూసింది. తర్వాత ఆమె చేసిన పని నేను ఊహించలేదు. గడ్డం ఆనించి కళ్ళు పరీక్షించే మిషను ఉంటుంది కదా, అక్కడ రోగి ముఖం ఉండాల్సిన చోట నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టింది. దీపం వేసి, అవతల నుంచి కన్ను ఆనించి చూసింది. నా జన్మలో నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి లేరు. జిగురు పొర, రంగు పొర, పుట్టీ, పాచి, ఒక్కొక్కటీ దాటుతూ చూసింది. చూడటం అయ్యాక కూడా కన్ను తియ్యకుండా ఉండిపోయింది. ఆమెకు సమాధానం దొరికింది. ఆ సమాధానం తనను పెంచిన మనిషి గుమ్మంలోకి వెళ్ళి ఆగుతోంది.

సాయంత్రం ఆయన్ను పిలిపించింది.

"మావయ్యా, ఈ గోడలోంచి ట్యాంకు పైపు పోతోందా?"

ఆయన బల్ల మీదున్న నన్ను చూశాడు. నూకరాజును చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పోతోంది. అతుకు దగ్గర కారుతోందని ప్రారంభానికి నాలుగు రోజుల ముందు తెలిసింది. గోడ పగలగొట్టాలన్నారు. నీ మొహంలో ఆ సంబరం చూసి పగలగొట్టమని చెప్పలేకపోయానమ్మా. పుట్టీ పెట్టించేశాను."

"నూకరాజు తల పగిలింది మావయ్యా."

"తెలుసు."

"ఆవిడ పని పోయింది."

ఆయన తల దించుకున్నాడు. కోపంతో అరిచి గోడను కాపాడుకున్న మనిషి, ఆ మెత్తటి గొంతు ముందు కూర్చోలేక లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పది రోజులు ఆసుపత్రికి రాలేదు.

గోడ పగలగొట్టారు. పైపు మార్చారు. హైమవతి వీరవేణిని పిలిపించి, రోగులు నిండుగా ఉన్న వరండాలోనే, "నీ జిగురు తప్పేం లేదమ్మా. మా గోడ తప్పు. ఎవరడిగినా నా పేరు చెప్పి చెప్పు," అంది.

వీరవేణి చేతులు కట్టుకుని నిలబడింది. "నాదీ ఉందండి. చెమ్మని తెలిసీ నిచ్చెన దిగలేదు," అంది.

గోడ ఆరడానికి మూడు వారాలు పట్టింది. అప్పుడు ఆమె ప్రతి అక్షరానికీ ఇనప కాళ్ళు పెట్టి, చిల్లులు వేసి దింపింది. ఆ రోజు రావుగారు వచ్చాడు. దూరంగా రోడ్డవతల నిలబడి చూశాడు. పని అయ్యాక దగ్గరికొచ్చాడు. నిచ్చెన రెండో కొస పట్టుకుని ఆటో ఎక్కించాడు, అంతే. ఆమె "వస్తానండి" అంది.

నాకు మాత్రం ఆ గోడ మీద మళ్ళీ చోటు దొరకలేదు. పడ్డప్పుడు నా కింది మెలిక వంగిపోయింది. నా బదులు కొత్త ఒత్తు వచ్చింది. నన్ను చెత్తబండికి వెయ్యబోతుంటే వీరవేణి అడిగి తీసుకుంది. షెడ్డులో, వచ్చినవాళ్ళు కూర్చునే బల్లకు ఎదురుగా, రెండు పాళ్ళు కలిపి చేసే గట్టి జిగురుతో గోడకు అంటించింది. ముఖం గోడ వైపు, వీపు జనం వైపు.

ఆ జిగురు ఇక వదలదు. గోడ కూడా పొడిగా, గట్టిగా ఉంది. నా మెరుగంతా సిమెంటును చూస్తోంది. పాచి పట్టిన నా వీపును మాత్రం ఊళ్ళో వాళ్ళంతా చూస్తున్నారు. నన్ను ఎవరూ చదవలేరు, ఏ పేరులోనూ నేను లేను. కొన్నాళ్ళు ఏడుపొచ్చేది. ఇప్పుడు వినడం అలవాటు చేసుకున్నాను.

మొన్న ఒకాయన వచ్చాడు. బట్టల కొట్టట, రేపటికల్లా బోర్డు కావాలట, గోడకు నిన్ననే రంగు వేయించాడట. వీరవేణి లేచి వచ్చి వేలితో నా వీపు మీద తట్టి, ఇదెలా ఊడిందో చెప్పింది. ఆయన సగం విని, "అంటించేవాళ్ళు ఊళ్ళో బోలెడు మందున్నార్లే," అని వెళ్ళిపోయాడు.

గంగరాజు ఆటో తుడుస్తూ అడిగాడు. "పోయేడా?"

"పోయేడు."

"మళ్ళీ వస్తాడంటావా?"

"రాకపోనీ. పడేది ఎలాగూ పడతాది. నేనంటించింది మాత్రం పడకూడదు."

ఆమె మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంది. ఆకురాయి గరగర మొదలైంది. ఎవరి పేరుకో, ఏ అక్షరం కిందకో, ఇంకో ఒత్తు తయారవుతోంది.