గడువు పెరిగిన యోగ్యతాపత్రము

వైశాఖ బహుళమున సూర్యభగవానుడు నడిమింటికి రాకమునుపే ప్రచండకిరణుడై కళింగతీరమున సముద్రమునకును జనావాసమునకును నడుమ పరచుకొనియున్న ఉప్పుమళ్లపై నిప్పులు చెరుగుచుండగా ఆ మళ్లయందలి జలము నానాటికి ఇంకి అంచులవెంట తెల్లని పొరలుగట్టి తుదకు మడియెల్ల ధవళకాంతితో నిండి చూచువారి కన్నులకు మిరుమిట్లు గొలుపుచుండెను. ఆ తెలుపు వెన్నెలవలె చల్లనిది గాదు, చూపును కోసివేయునట్టిది. మోకాళ్లదాక చీరలెగగట్టిన స్త్రీలును గోచిపాతలు ధరించిన పురుషులును పొడవైన పిడులుగల చెక్కపలకలతో ఆ తెల్లదనమును లాగి లాగి గట్లపై కుప్పలు పోయుచుండిరి. పగిలిన వారి పాదములలో ఉప్పు చేరి మండుచుండినను దానిని గూర్చి పలుకువా రచ్చట లేరు.

ఆ మళ్లకు పడమటి యొడ్డుననున్న నీలాటివలస యను గ్రామమున వేసవి సెలవులచే మూతపడిన పాఠశాల యరుగుపై కూర్చుండి ఆకెళ్ల అచ్యుతరామ పంతులు తపాలాబంట్రోతు తెచ్చియిచ్చిన సర్కారు ఉత్తరమును ముమ్మారు చదివెను. ఆయన బోధనా యోగ్యతాపత్రపు గడువు జూలై నెలాఖరుతో తీరుననియు జిల్లాకేంద్రమున జరుగు ముప్పదిదినముల పునశ్చరణ తరగతులకు హాజరై పరీక్షయందు ఉత్తీర్ణుడైననే గాని మరి యైదేండ్లకు గడువు పెంచబడదనియు అందుండెను.

ఇరువదియెనిమిది వత్సరములుగా ఉప్పుమళ్ల కూలీల బిడ్డలకు ఓనమాలు దిద్దించిన యా పంతులు పేరు చెప్పిన చుట్టుప్రక్కల నాలుగు గ్రామముల పిల్లలు ఆటలు మాని యొదిగి నిలువబడుదురు. ఆయన తరగతి నడుచునపుడు చీమ చిటుక్కుమన్నను వినవచ్చును. ఆ నిశ్శబ్దమే తన విద్యాప్రతిష్ఠయని ఆయన యెంచుకొనియుండెను. అట్టివానిని ఏబదినాలుగవ యేట మరల బల్లపై కూర్చుండి పాఠములు వినుమనుట ఆయన మనస్సునకు ముల్లై గ్రుచ్చుకొనెను. అయినను గడువు తీరినచో జీవనము తీరును గనుక భార్య కట్టియిచ్చిన అటుకుల మూటను చంకబెట్టుకొని జూన్ నెల మొదటనే పయనమయ్యెను.

పట్టణమున తరగతులు జరుగు విశాలమైన సావడియందు తన కుమారుల యీడువారు నలువదిమంది ముందు బల్లలపై గూర్చుండి కాగితముల మీద కాగితములు నింపుచుండగా పంతులు వెనుక బల్లపై గోడ కానుకొని చేతులు కట్టుకొని కూర్చుండెడివాడు. బొమ్మలు చూపి పదములు నేర్పుటయు పాటలచే లెక్కలు చెప్పుటయు విని పెదవి విరిచెడివాడు. ‘ఈ బోధకులు పుట్టకమునుపే నేను బోధించితిని’ అని లోలోన గొణుగుకొనుచు రెండు వారములు గడపెను.

మూడవ వారమున నొకనాటి యుదయము తిరువెంగడాచార్యులను వైద్యుడు వచ్చి చెవి యాకృతిని నల్లబల్లపై లిఖించి దాని లోపలి సన్నని పొరను సుద్దతో చుట్టి చూపి యిట్లు పలికెను.

“అయ్యలారా! చెవిటితన మెల్లప్పుడును సంపూర్ణముగ నుండదు. కొంత వినుచు కొంత విననేరని బిడ్డలు మీ తరగతులయందు మీ రెరుగకయే యుందురు. అట్టి బిడ్డ మీ కన్నులను గాక మీ పెదవులను చూచును. వెనుకనుండి పిలిచిన పలుకదు. తోడివారు నవ్విన పిమ్మట క్షణమాగి తానును నవ్వును. చూచి వ్రాయుమన్న ముత్యములవలె వ్రాయును గాని విని వ్రాయుమన్న కదలక కూర్చుండును. ఆ బిడ్డను మనము మొండియందుము. దండింతుము. తా నేల దండింపబడెనో ఆ బిడ్డ తెలిసికొననేరదు.”

గోడ కానుకొనియున్న పంతులు మెల్లగా నిటారుగా కూర్చుండెను. వైద్యుడు చెప్పిన యొక్కొక్క లక్షణమునకు ఒక్కొక్క యవయవము చొప్పున ఆయన కన్నులయెదుట నొక బాలిక రూపము కట్టుచుండెను. చెంపలకు ఉప్పుపొడి అంటిన ముఖము, గీసినట్లుండు కనుబొమలు, ఎల్లప్పుడు తన నోటినే చూచుచుండు రెండు పెద్ద కన్నులు. ఆ చూపును ఆయన పొగరని యెంచెను. ఆ బాలిక ఉప్పుమళ్ల కూలి పోలమ్మ కూతురు అసిరి.

పదునొకండేండ్ల క్రిందట పాఠశాలను పరీక్షింప వచ్చిన ఇన్‌స్పెక్టరు ఎనిమిదేండ్ల అసిరిని లేపి “నీ తండ్రి పేరేమి?” అని యడుగగా ఆమె యొక రెప్పపాటు ఆ యధికారి దట్టమైన మీసములలో పెదవులను వెదకి వెదకి కానక “ఏడేడులు నలభైతొమ్మిది” అని బదులు చెప్పెను. తరగతియెల్ల గొల్లుమనెను. ఇన్‌స్పెక్టరు నవ్వెను. తోడివారు నవ్వుటచూచి అసిరియు ఆలస్యముగా నవ్వెను. ఆ నవ్వు తన్ను గూర్చియేయని తలపోసిన పంతులు అధికారి బండి కదలినంతనే ఆ బాలికను దగ్గరకు లాగి చెంప చెళ్లుమనిపించెను. ఆమె చెవి మూసికొని కూలబడెను. ఆ సాయంకాలమే హాజరుపట్టీలో ఆమె పేరు కొట్టివేసి కారణమను గడిలో ఎర్రసిరాతో ‘మొండి. మందబుద్ధి. విద్య కనర్హురాలు’ అని వ్రాసెను. మరునాడు పోలమ్మ వచ్చి అరుగు క్రింద నిలిచి బ్రతిమాలగా “నీ కూతునకు ఉప్పే విద్య. మడికి తీసికొనిపొమ్ము” అని తలుపు మూసెను.

ఇది యంతయు పదునొకండేండ్లుగా ఆయన మనసులో నొక్కమారైనను కదలియుండలేదు. ఇప్పుడు కదలెను.

ఉపన్యాసము ముగిసి అందరును లేచిపోవుచుండగా పంతులు బల్లలు పట్టుకొనుచు వైద్యుని చెంతకు పోయి నిలిచెను.

“అయ్యా, ఒక సందేహము. కొంత వినుచున్న బిడ్డను చెవిపై కొట్టినయెడల ఆ కొంతయు పోవునా?”

“పోవచ్చును. పోకపోవచ్చును. దెబ్బ బలము చెవి స్థితి రెండును చూడవలెను. బిడ్డ యెక్కడ నున్నది?”

“పదునొకండేండ్ల క్రిందటి మాట.”

వైద్యుడు సుద్ద అంటిన చేతులు తుడుచుకొని “అట్లయిన నిప్పు డెవ్వరు చెప్పగలరు పంతులుగారూ” అని మెల్లగా ననెను.

నాటినుండి పంతులు ముందు బల్లపై కూర్చుండెను. ఏ మాటయు విడువక వ్రాసికొనెను. రేయి భోజనమునకు పిలిచినవారికి ఆకలి లేదని చెప్పెను. నెలాఖరున జరిగిన పరీక్షయందు ‘శ్రవణలోపముగల బిడ్డ నెట్లు గుర్తింతురు?’ అను ప్రశ్న రాగా తక్కినవారు వైద్యుని మాటలనే తిరుగవ్రాసిరి. పంతులు మాత్రము తల యొక ప్రక్కకు వంచి చూచుట, బల్లపై చేయి వైచి దాని యదురుచే ప్రక్కవా రెప్పుడు లేచిరో తెలిసికొనుట, నవ్వుటకు ముందు చుట్టును కలయజూచుట, పేరు పిలిచినపుడు తోడి బాలిక మోచేతితో పొడిచిన పిమ్మట లేచుట మొదలగు వానిని కన్నులకు కట్టినట్లు నాలుగు పుటలు వ్రాసెను.

పత్రముల నిచ్చు దినమున అధ్యక్షస్థానము నలంకరించిన యధికారి ఆ నాలుగు పుటలను సభలో చదివి వినిపించి “ఇంత సూక్ష్మదృష్టి గల యుపాధ్యాయుని నేను చూడలేదు. పంతులుగారూ, తా మిట్టి బిడ్డల నెందరి నుద్ధరించితిరో సభవారికి సెలవిండు” అనెను. సభ చప్పట్లు చరచెను.

పంతులు లేచి నిలిచెను. నోరు తెరచెను. “ఒక్కరి నైనను లేదండి” అని మాత్రము పలికి కూర్చుండెను. అది వినయమని యెంచి సభ మరల చప్పట్లు చరచెను. ఐదేండ్లకు గడువు పెరిగిన యోగ్యతాపత్రము ప్రథమశ్రేణి ప్రశంసతో ఆయన చేతికి వచ్చెను.

ఆ యేడు తొలకరి యాలస్యమగుటచే మళ్లలో పని ఇంకను సాగుచుండెను. బండి దిగినవాడు దిగినట్లే పంతులు ఇంటికి పోక ఉప్పుగట్లవెంట నడచెను. కుప్పపై తాటాకులు కప్పుచున్న పోలమ్మ చూచి తడబడుచు ఎదురు వచ్చెను.

“పంతులుబాబూ! ఈ ఎండలో ఇలగొచ్చినారేటి? కబురెడితే మేమే ఒద్దుం గదా!”

“పోలమ్మా, అసిరికి చెవు లెప్పటినుండి వినబడవు?”

పోలమ్మ చేతిలోని యాకును క్రింద పెట్టెను. “నాలుగో ఏట తట్టు పోసింది బాబూ. అప్పుట్నుంచి ఒక సెవి నేదు. రెండోది పలికీది. గట్టిగ పిలిత్తే తిరిగి సూసీది. బడి మానిపించిన ఏడే ఆ రెండోది సీము కారింది. నెల్లాళ్లు కారింది. ఆకుపసరు పోసినాం. సీము తగ్గింది గానీ ఇనికిడి పోనాది.”

“ఆనాడు నేను కొట్టిన చెవి యేది?”

“తమరికి గ్యాపకం నేదా బాబూ?” అని యామె ఆశ్చర్యముతో నడిగెను. పిమ్మట తానే చెప్పెను. “ఎడం సెవి బాబూ.”

“చీము కారిన చెవి?”

“అదే.” అని యామె యాయన ముఖము చూచి జాలిగొని “దెబ్బకే పోనాదని మేం అనం బాబూ. తట్టు పోసిన గుంట. అమ్మోరెలగ రాస్తే అలగ. తమరు మనసుల ఎట్టుకోకండి” అనెను.

ఆ యోదార్పు పంతులునకు శాపముకన్న బరువయ్యెను.

“సెప్పకూడదు గానీ బాబూ” అని పోలమ్మ సముద్రమువైపు తిరిగి యనెను. “ఆ తరవాత రెండేళ్లు బడి గోడకాడి కిటికీలోంచి సూసీది. పలకలు సూసొచ్చి ఇసకల రాసీది. ఏటి రాసినాదో మాకు తెల్దు. తమరు బెత్తం అట్టుకొని ఇటు తిరిగితే పరిగెట్టొచ్చీసీది. పదేళ్లొచ్చినాక పనికెట్టీనాం.”

నాలుగు మళ్ల కవతల పందొమ్మిదేండ్ల యువతి వీపు వంచి పలకతో ఉప్పు లాగుచుండెను. పంతులు ఆమె వెనుకకు పోయి నిలిచెను. ఆమె తిరుగలేదు. పిలువబోయి పిలుపు నిరర్థకమని తెలిసి నిలిచిపోయెను. ఆయన నీడ మడిపై బడగా చూచి యామె గిరుక్కున వెనుదిరిగి గుర్తించినంతనే పలకను విడిచి మోచేతితో ఎడమచెవిని కప్పుకొనెను. క్షమింపుమని చేతులు జోడింప నాయన చేతులెత్తగా ఆ యెత్తిన చేతులను చూచి యామె కన్నులు గట్టిగా మూసికొని ఇంకను క్రుంగెను.

పంతులు చేతులు దించివేసెను. గట్టుమీద నున్న ఉప్పుబురదలోనే చతికిలబడి తల నామె పాదములదాక వంచెను. తల యెత్తునప్పటికి అసిరి చేయి చెవిపైనుండి తీసియుండెను. ఆమె ముఖమున కోపము లేదు, ప్రసన్నతయు లేదు. ఆయన పెదవులనే చూచుచుండెను.

“నేను నీకు చదువు చెప్పెదను తల్లీ” అని ఆయన యొక్కొక్క యక్షరమును పెదవులపై స్పష్టముగా నిలుపుచు పలికెను.

ఆమె తల్లివైపు చూచెను. తల్లి చేతులతో నేదో సైగచేసెను. అసిరి తన యరచేతులను విప్పి చూపెను. ఉప్పు తిని తిని చీలి గట్టిపడి వ్రేళ్లు పూర్తిగ ముడుచుకొననేరని యరచేతులవి. చూపి వంగి పలక తీసికొని మరల పనిలో పడెను.

“అది రాదు బాబూ. ఇప్పుడెలగ సెప్తారు?” అని పోలమ్మ నెమ్మదిగా ననెను. “తమరింటికి ఎల్లండి. ఎండగున్నది.”

ఆ సాయంకాలము పంతులు పాఠశాల తాళము తీసి బీరువా యడుగునుండి పాత పట్టీని వెదకి తెచ్చెను. ఎర్రసిరా కొంత వెలసియుండెను. దానిని కొట్టివేయుట కాయనకు మనసొప్పలేదు. దాని క్రింద నల్లసిరాతో ‘ఈ బాలిక మొండి గాదు. మందబుద్ధి గాదు. ఈమెకు వినికిడి తక్కువ. నేను గుర్తింపనైతిని. కొట్టితిని’ అని వ్రాసి సంతకము చేసి తేదీ వేసెను. మరుసటి తనిఖీయందు అధికారి దానిని చూచి మూసిన పుస్తకమున వ్రాయుట నిబంధనావిరుద్ధమని మందలించి సంజాయిషీ కోరగా పంతులు వ్రాసినది నిజమని తప్ప మరేమియు చెప్పలేదు.

జూలైలో పాఠశాల తెరచిన దినమున ఆయన చేత బెత్తము లేదు. పిల్లల నొక్కొక్కరినే గోడవైపు త్రిప్పి నిలిపి పదియడుగుల వెనుకనుండి మెల్లగా పేరు పిలిచెను. ముప్పదియేడుగురు వెనుదిరిగిరి. నూకాలు అను జాలరి బాలిక తిరుగలేదు. రెండవమారు పిలిచినను తిరుగలేదు. పంతులు కన్నులు చెమర్ప ఆమె ముందునకు పోయి మోకాళ్లపై కూర్చుండి ముఖము కనబడునట్లు పేరు పిలువగా ఆ బాలిక నవ్వెను. నాటినుండి ఆమె చోటు ఆయన కుర్చీ ప్రక్కనే. ఆమె చక్కగా చదువ నేర్చెను. దానిచే పంతులునకు సంతోషము కలుగకపోలేదు గాని ఆమె యొక్కొక్క వాక్యము చదివినపుడెల్ల చదువని మరియొకతె యాయన తలపున మెదలుచుండెను. ఉపాధ్యాయుని యోగ్యతకు గడువు పెంచుటకు అధికారు లుందురు, తరగతు లుండును, ముద్రలును సంతకములును ఉండును. గడచిపోయిన బాల్యమునకు గడువు పెంచు నధికారి యీ లోకమున నేడుగాని రేపుగాని లేడు.

వానలు వెడలి మాఘము వచ్చెను. మళ్లకు మరల సముద్రజలము పెట్టిరి. ప్రొద్దెక్కువేళ పడమటిగాలి వీచునపుడు బడిలో పిల్లలు గొంతెత్తి గుణింతములు చదువు ధ్వని మళ్లమీదుగా సముద్రమువరకు సాగును. పనిచేయు స్త్రీలు క్షణమాగి తమ బిడ్డల గొంతులను గుర్తుపట్టి ఒకరినొకరు చూచి నవ్వుకొందురు. వారందరి నడుమ అసిరి వంచిన వీపుతో ఎత్తని తలతో ఉప్పు లాగుచునే యుండును.